ఒక్క నిమిషం చీటీ

నేను ఒక ఎర్ర కారుని. రాజమండ్రి ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు వెనక నన్ను ఇటికల మీద కూర్చోబెట్టి నాలుగు చక్రాలూ ఊడదీసుకున్నారు. దానికి నాకేం బాధ లేదు. నా మంటంతా సలాది కన్నబాబు మీద. ఈ ఊళ్ళో పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టింగ్ వాడు వాడు. నా మీటరు ముప్ఫై వేల కిలోమీటర్లు వెనక్కి తిప్పాడు, పోనీ అనుకున్నాను. గీతలు పడ్డ చోటల్లా రంగు పూశాడు, అదీ పోనీ అనుకున్నాను. వాడి తిండి అది. కానీ నా స్టీరింగు పక్కన, తాళం పెట్టే చోట అంటించి ఉన్న చీటీని గోటితో గీకి పీకేశాడు చూడండి, దానికి మాత్రం వాణ్ణి వదిలిపెట్టను. అగ్గిపెట్టెకి రెండింతలుండే కాగితం. దాని మీద రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలు లేకపోవడం వల్ల ఒక మనిషి మట్టి కొట్టుకుపోయాడు.

మొదట్నించీ చెబుతాను. నేను బడికి పోయినదాన్ని కాదు, కాబట్టి చెప్పేది వరసగా లేకపోతే సర్దుకోండి.

నేను పుట్టిన రోజున ఆ ఫ్యాక్టరీలో నాతోపాటు మూడొందల కార్లు పుట్టాయి. అన్నీ తెల్లవీ, బూడిదరంగువీ. సంసారానికి పనికొచ్చేవి. నా కొలత వేరు. చూడ్డానికి చిన్న ఒళ్ళు, లోపల పెద్ద ఊపిరి. ఆ ఊపిరిని టర్బో అంటారు. అది ఇంజను పక్కనుండే చిన్న చక్రం. పొగ గొట్టంలోంచి వచ్చే వేడి గాలికి నిమిషానికి లక్షసార్లు తిరిగి, ఇంజనులోకి బలవంతంగా గాలి తోస్తుంది. అప్పుడు నేను పరిగెత్తే పరుగు ముందు నాకు రెండింతలున్న బళ్ళు కూడా దిగదుడుపే. కానీ ఆ చక్రానికి ప్రాణం నూనె. గట్టిగా పరిగెత్తించి టక్కున తాళం తిప్పేస్తే నూనె ఆగిపోతుంది, కాలి ఉన్న ఇనుము మాత్రం చల్లారదు. పొయ్యి మీద మూకుడులో మిగిలిపోయిన నూనెలాగా, ఉన్న కాస్త నూనే మాడి బొగ్గవుతుంది. ఒకరోజుకి ఏమీ కాదు. రోజూ అయితే చక్రం బిగుసుకుపోతుంది. దీనికి మందు చాలా చవక. ఆపే ముందు ఒక్క నిమిషం ఇంజనుని ఊరికే తిరగనివ్వాలి. అంతే. నా బతుకంతా ఆ ఒక్క నిమిషంలో ఉంది.

ఈ సంగతి నా గ్లోవ్ బాక్సులో ఉన్న పుస్తకంలో రాశారు. మూడొందల పేజీల పుస్తకం, అంతా ఇంగ్లీషులో. ఈ దేశంలో కారు నడిపేవాళ్ళలో ఎంతమంది దాన్ని చదవగలరో రాసినవాడికి పట్టలేదు. అందుకే ఆ చీటీ పుట్టింది.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు హైమవతిగారు. ఆదివారమైతే అరకు ఘాట్ రోడ్డు ఎక్కించేది. ఆ మలుపుల్లో నాకూ ఆవిడకీ మాటలు అక్కర్లేదు. మిగతా రోజుల్లో వాళ్ళ నాన్న కూరలకి తీసుకెళ్ళేవాడు. ఆయన వచ్చీ రాగానే తాళం తిప్పేసి దిగిపోయేవాడు. నాలుగుసార్లు చెప్పి చూసి, ఐదోసారి ఆవిడ మందుల చీటీ వెనక తెలుగులో రాసి, పైన టేపు వేసి అంటించింది. "నాన్నా, ఆపే ముందు ఒక్క నిమిషం ఇంజను తిరగనివ్వు. ఇది దీని ప్రాణం. - హైమ." ఆయన గొణిగేవాడు, అయినా సీట్లో కూర్చుని అరవై అంకెలు పైకే లెక్కపెట్టి మరీ దిగేవాడు. ఏడేళ్ళు నాకు జలుబు కూడా చెయ్యలేదు.

ఆ తర్వాత రాజమండ్రిలో స్థలాలు అమ్మే ఒక సోకులరాయుడి చేతికి వచ్చాను. వాడి గురించి మంచిమాట ఒక్కటే చెప్పగలను. చీటీ చూసి ఆ నిమిషమూ ఆగేవాడు. నా అద్దంలో జుట్టు దువ్వుకోడానికి వాడికి సరిగ్గా అంత టైము పట్టేది. రెండేళ్ళకి వాడికి పెద్ద బండి మీద మోజు పుట్టి నన్ను కన్నబాబు షెడ్డులో వదిలేశాడు.

కన్నబాబు నన్ను కడిగించి, టైర్లకి నల్ల పాలిష్ పట్టించి, లోపలికి తొంగి చూశాడు. చీటీ కనపడింది. చదివాడు. "దీని ప్రాణమంట, ప్రాణం! ఇది చూస్తే కొనేవాడు బండికేదో రోగముందనుకుంటాడెహె," అని గీకి పీకాడు. పోనీ చింపి పారేశాడా అంటే, అదీ లేదు. వంగడానికి బద్ధకం. డ్రైవరు సీటు కిందకి తోసేశాడు.

ఇక కొనేవాళ్ళు వచ్చేవారు. వాళ్ళ తంతు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకడు వచ్చి టైరుని కాలితో తన్నేవాడు. ఇంకొకడు తలుపు మీద వేలితో కొట్టి కుండ కొన్నట్టు చెవి పెట్టేవాడు. ఒకాయన నా నంబరు అంకెలన్నీ కూడి ఎనిమిది వచ్చిందని వెనక్కి పోయాడు. ఇంకో కుటుంబం నా రంగు వాళ్ళ గుమ్మానికి నప్పదంది. "లీటరుకి ఎంతిస్తాది?" అని అడగనివాడు లేడు. "నన్నొకసారి నడిపి చూస్తావా?" అని నాకు నోరుంటే అడిగేదాన్ని. ఒక్కడూ నడిపి చూడలేదు.

నడిపి చూసినవాడు గుబ్బల ముత్యాలరావు ఒక్కడే.

ముత్యాలరావుది పెద్దాపురం. వయసు నలభై ఎనిమిది. ఏడో తరగతిలో బడి మానేశాడు. కన్నబాబూ ఇతనూ ఒకే బెంచీ, ఇద్దరూ ఒకే ఏడు మానేశారు. ఇతను ఇరవై రెండేళ్ళు కర్రల అడితి గుర్నాథంగారి దగ్గర అంబాసిడరు నడిపాడు. ఇరవై రెండేళ్ళూ వెనక సీట్లోంచి రెండే మాటలు విన్నాడు. బండి నలభై దాటితే "నెమ్మదిరా, నన్ను శవాన్ని చేసేస్తావా?" బండి ఆగితే "ఆపరా ఇంజను, నీ బాబు సొమ్మా డీజిలు?" గుర్నాథంగారు పోయాక కొడుకులు అంబాసిడరు అమ్మేసి, ఇతని చేతిలో లక్ష రూపాయలు పెట్టి పంపేశారు. ఆ తర్వాత కడియం నర్సరీలో మొక్కలు లారీలకెక్కించే పనికి మేస్త్రీగా కుదిరాడు. పెద్దాపురం నుంచి కడియం రోజూ రెండు బస్సులు, ఒక ఆటో. పొద్దున్న ఆరింటికి లారీ వచ్చేసేది, ఇతను ఏడింటికి చేరేవాడు. కారుంటే తప్ప ఆ పని నిలవదు.

అందరూ ఏం కొంటారు? ముసలి డీజిలు బండి. కన్నబాబు కూడా ముందు అదే చూపించాడు. ముత్యాలరావు దాని వంక చూడనైనా లేదు. వచ్చి నా బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు, గేదె నుదురు మీద పెట్టినట్టు.

"ఒరేయ్ కన్నా, దీన్నోసారి తోలి చూడొచ్చా?"

"నీకెందుకురా ముత్యం ఇది? కుర్రకుంకలు తోలే బండి."

"నేనెప్పుడు కుర్రకుంకనయ్యానని? ఇరవైరెండేళ్ళూ ముసలాణ్ణే కదా మోశాను."

వేమగిరి దగ్గర హైవే ఎక్కించాడు. రెండో గేరు, మూడో గేరు. నా చక్రం అందుకుంది. నేను ముందుకి దూకాను. అతని వీపు సీటుకి అతుక్కుపోయింది. ఆ మనిషి నవ్వాడండి! నలభై ఎనిమిదేళ్ళ మనిషి గొంతులోంచి తొమ్మిదేళ్ళ నవ్వు. ఒకసారి అద్దంలో వెనక సీటు వంక చూసుకున్నాడు. అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ నవ్వాడు. నన్ను సరిగ్గా ఎంచుకున్న మనిషి ఇతనొక్కడే అని అప్పుడే నాకు తెలిసిపోయింది. నాతో పనీ ఉంది, నాతో సరదా కూడా కావాలి. ఇంతకన్నా మంచి బేరం ఏ కారుకైనా దొరుకుతుందా?

బేరం మూడు లక్షల అరవై అయిదు వేలకి తెగింది. ఆ లక్షా, ఇన్నేళ్ళూ దాచుకున్నదీ కలిపితే సరిగ్గా అంతే ఉంది. అతని భార్య మంగతాయారు డబ్బు మూట ఇస్తూ ఒక షరతు పెట్టింది. "బండి కొనుక్కోండి, నేనేమీ అనను. కానీ మన స్థలం జోలికి మాత్రం వెళ్ళకండి." పెద్దాపురం చివర వాళ్ళకి చిన్న ఇంటి స్థలం ఉంది. ఆవిడ అద్దెకొంపలో ఉంటూ, ఆదివారాలు వెళ్ళి ఆ స్థలంలో గడ్డి పీకేది. నాలుగు మూలలా రాళ్ళకి పసుపు రాసి పాతింది. కడియం నుంచి మొగుడు తెచ్చిన కరివేపాకు మొక్కని, రేపు వంటిల్లు ఎక్కడొస్తుందో లెక్కేసుకుని దాని వెనక నాటింది.

డబ్బు లెక్కపెట్టాక ముత్యాలరావు అడిగాడు. అడగలేదని ఎవరూ అనకూడదు. నేను విన్నాను.

"ఒరేయ్, దీనికి ప్రత్యేకంగా జాగర్తలేవైనా ఉన్నాయా? నాకు అంబాసిడరు తప్ప తెలీదు."

"ఏవుంటాయిరా? పెట్రోలు పోసి తొక్కడవే."

చీటీ సీటు కిందే ఉంది. వాడి కాలికి జానెడు దూరంలో.

అక్కణ్ణించి ఎనిమిది నెలలు నా జీవితంలోకెల్లా మంచి రోజులు, చెడ్డ రోజులు కూడా. తెల్లారకముందే పెద్దాపురంలో బయల్దేరేవాళ్ళం. రాజానగరం దగ్గర హైవే ఎక్కామంటే ఇక పండగే. లారీని దాటేటప్పుడు అతను తొక్కే తొక్కులో లెక్క ఉండేది, భయం ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళు అణిచిపెట్టిన కాలు అది. సీట్ల మీద రోజూ రెండు మొక్కలు, ఒక అన్నం కారేజీ. నర్సరీలో అందరూ "ముత్యాలరావుగారి రాకెట్టు" అనేవారు. మంగతాయారు కూడా ఒకసారి ఎక్కి, "అమ్మో, నెమ్మదండీ" అని కేకేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కానీ నర్సరీ దారిలో ఒక రైలు గేటుంది. మేం వచ్చే టైముకి రోజూ అది వేసే ఉండేది. హైవే మీద ఎర్రగా కాలేలా పరిగెత్తి వచ్చి, గేటు ముందు ఆగేవాళ్ళం. బండి పూర్తిగా ఆగకముందే ముత్యాలరావు చెయ్యి తాళం మీదకి పోయేది. టక్! ఇంజను చచ్చిపోయేది. హైవే మీద వంతెన దిగేటప్పుడు కూడా అంతే, న్యూట్రల్ చేసి, ఇంజను ఆపేసి జారనిచ్చేవాడు. కాలు అతనిదే, చెయ్యి మాత్రం గుర్నాథంగారిది. ఆ ముసలాయన చచ్చి ఏడాది దాటింది, వెనక సీటు ఖాళీగా ఉంది, అయినా "నీ బాబు సొమ్మా డీజిలు" అన్న కేక ఇతని మణికట్టులో బతికే ఉంది. లోపల నా నూనె చుయ్ మని మాడేది. వాసన బయటికి వచ్చేది. "ఎవరి బండోగానీ కాలిపోతంది," అనేవాడు ముత్యాలరావు, చుట్టూ చూస్తూ. నీ బండేనయ్యా! నీ బండే! ఎన్నిసార్లు అరిచానో. మీకు నా అరుపు ఇంజను మోతలా వినపడుతుంది, అదీ ఆపేశాక ఇంకేం వినపడుతుంది?

ఎనిమిదో నెలలో నీలం పొగ మొదలైంది. ఆ తర్వాత పదిహేను రోజులకి హైవే మధ్యలో చక్రం బిగుసుకుపోయింది. నూనెంతా కారిపోయి ఇంజను కూడా పట్టేసింది. తాడు కట్టి ఆటోనగర్‌కి లాక్కొచ్చారు.

మెకానిక్ ఇస్మాయిల్ మంచివాడు. విప్పి చూపించి, టర్బో, ఇంజను పనీ కలిపి రెండు లక్షల ఇరవై వేలు అవుతుందని దాచకుండా చెప్పాడు. ముత్యాలరావు మూడు రోజులు మళ్ళీ బస్సులెక్కాడు. నాలుగో రోజు నర్సరీ ఓనరు ఇంకొక్కసారి ఆలస్యమైతే రావద్దన్నాడు. ఆ సాయంత్రం కన్నబాబు వచ్చాడు, చేతిలో అరటిపళ్ళు.

"బెంగెట్టుకోకురా. నేన్లేనా? నీ స్థలం నేను తీసుకుంటాను. సెంటు తొంభై వేలు, రొక్కం."

"చుట్టుపక్కల లక్షన్నర పలుకుతుందిరా."

"లక్షన్నరకి కొనేవోడు రేపొస్తాడో, ఏడాదికొస్తాడో. నీకు బండి ఎల్లుండికి కావాలి."

మంగతాయారు సంతకం పెట్టే చోటు వేలితో చూపించమంది, పెట్టింది. రెండు లక్షల ఇరవై అయిదు వేలు వచ్చాయి.

ఇప్పుడు నా కోపం ముత్యాలరావు మీద కూడా ఉంది, దాచను. బండి అప్పజెబుతూ ఇస్మాయిల్ అన్నాడు, "టర్బో బండి భాయ్, ఆపేటప్పుడు జాగ్రత్త. తెలుసు కదా?"

ముత్యాలరావు మొహం చిన్నబోయింది. షెడ్డులో నలుగురు వింటున్నారు. "ఇరవైరెండేళ్ళ సర్వీసండి నాది," అన్నాడు. "నాకే చెబుతున్నారా?"

ఇస్మాయిల్ మర్యాద తెలిసినవాడు. ఇంకేమీ అనలేదు. తెలీదు అన్న ఒక్క మాట ఆ మనిషి నోట్లోంచి వస్తే నేను ఈవేళ ఇటికల మీద ఉండేదాన్ని కాదు. కానీ ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. జీవితమంతా అందరూ నీకేం తెలుసురా అన్నవాళ్ళే. తెలిసిన విద్య ఒక్కటే, అందులో కూడా తెలీదనమంటే ఎలా అంటాడు?

మళ్ళీ హైవే, మళ్ళీ ఆ నవ్వు, మళ్ళీ రైలు గేటు, మళ్ళీ టక్. అయిదు నెలలు. ఈసారి చక్రం విరిగి, ముక్కలు ఇంజనులోకి పోయాయి. ఇస్మాయిల్ బానెట్ ఎత్తి, చూసి, దించేశాడు. "ఇంక పెట్టకండి సార్. తుక్కు కింద నలభై వేలిప్పిస్తాను."

నన్ను తుక్కుకి ఇచ్చే రోజున మంగతాయారు కూడా వచ్చింది. లోపల మన వస్తువులేవైనా ఉంటాయేమో చూస్తానంది. అన్నం కారేజీ మూత, ఎండిన ఆకులు, ఒక బొట్టుబిళ్ళల అట్ట. సీటు కిందకి చెయ్యి పెట్టి వెతికింది. టేపుకి మట్టి అంటుకున్న కాగితం చేతికొచ్చింది. కొంగుతో తుడిచి, కూడబలుక్కుంటూ చదివింది. "నాన్నా, ఆపే ముందు ఒక్క నిమిషం ఇంజను తిరగనివ్వు. ఇది దీని ప్రాణం. హైమ."

"ఎవరండీ ఈ హైమ?"

ముత్యాలరావు కాగితం తీసుకున్నాడు. ఇస్మాయిల్ వంక చూశాడు. ఇస్మాయిల్ తల వంచుకుని, "అదే భాయ్ నేను చెప్పబోయింది," అన్నాడు.

ఇద్దరూ ఆ కాగితం పట్టుకుని కన్నబాబు షెడ్డుకి వెళ్ళారు. వీధికి అవతలే కాబట్టి ఇటికల మీంచి నాకు అంతా వినపడింది.

"ఇది నువ్వు పీకావా అన్నయ్యా?" మంగతాయారు గొంతు.

"ఏది? ఆ కాగితమా? బండి కడిగేటప్పుడు మురికి తీస్తాంగదమ్మా. ఇలాంటివి వెయ్యి తీస్తాం."

"చదివావా, లేదా?"

"చదివుంటాను. అయితే ఏటి? మీ ఆయన పెద్ద డ్రైవరు కదా, ఆ మాత్రం తెలీదనుకుంటానా?"

"ఆయన అడిగారా, లేదా? జాగర్తలేవైనా ఉన్నాయా అని?"

కన్నబాబు నవ్వాడు. "అడిగితే? రోగముందని చెప్పి అమ్ముకోమంటావా? వ్యాపారవమ్మా ఇది. పోనీలే, స్థలానికి మంచి రేటే ఇచ్చాను కదా మీకు."

ముత్యాలరావు కొడతాడనుకున్నాను. కొట్టాలనీ కోరుకున్నాను. అతను మాత్రం, "నీకు ఆ రెండు లైన్లు చదవడానికి ఎంతసేపు పట్టిందిరా?" అని అడిగి, జవాబు కోసం ఆగలేదు.

తిరిగొచ్చి నాలో కూర్చున్నాడు. ఇంజను ఇక తిరగదు, తాళం ఉంది. చీటీని మళ్ళీ దాని చోట పెట్టి బొటనవేలితో అదిమాడు. అంటుకోలేదు, చేత్తోనే పట్టుకున్నాడు. పెదాలు కదుపుతూ ఒకటి, రెండు, మూడు అని అరవై దాకా లెక్కపెట్టాడు. అరవై అయ్యాక తాళం తిప్పి, తీసి, దిగాడు. పద్నాలుగు నెలల్లో మొదటిసారి నన్ను సరిగ్గా ఆపాడు.

ఆ నలభై వేలతో పాత మోపెడ్ కొనుక్కున్నాడట. అది ఎంత తొక్కినా నలభై దాటదట.

మీరు రేపు నాలాంటి బండి కొనడానికి వెళ్తారు. టైరు తన్నుతారు, నంబరు కూడతారు, లీటరుకి ఎంత అంటారు. వెళ్ళండి. ముందు సీటు కింద చెయ్యి పెట్టి చూసుకోండి.

పెద్దాపురం చివర ఆ స్థలం చుట్టూ కన్నబాబు ఇప్పుడు ఇనప కంచె వేశాడట. కరివేపాకు మొక్క కంచెకి లోపల పడింది. పసుపు రాసిన రాళ్ళు నాలుగూ పీకేశాడు. ఆ ఒక్క నిమిషానికి ముత్యాలరావు పోగొట్టుకున్న నేల రెండున్నర సెంట్లు. గజాల్లో చెప్పాలంటే, సరిగ్గా నూట ఇరవై ఒక్క గజాలు.